అయ్యప్ప మాలలో 41 రోజులు సిగరెట్ ముట్టను, మాల తీసిన పూటే వెలిగిస్తా. నా రోగం ఏంటి?

బెజవాడ_బుజ్జి | 26 జనవరి 2025, ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. వయసు 39. సొంతూరు విజయవాడ, కాపురం కూకట్‌పల్లి. ఇంజినీరింగ్ రెండో ఏట మొదలెట్టా, అంటే ఇరవై ఏళ్లు. ఇప్పుడు రోజుకి తొమ్మిది కింగ్స్ సిగరెట్లు. ప్యాకెట్ కొనను, అన్నీ లూజే. ప్యాకెట్ జేబులో ఉంటే తొమ్మిది కాస్తా ఇరవై అవుతాయని నాకు నేనే పెట్టుకున్న రూలు.

అసలు సంగతి ఇది. ఇప్పటికి ఆరుసార్లు మాల వేసుకున్నా. ఆరుసార్లూ 41 రోజులు ఒక్కటంటే ఒక్కటి కాల్చలేదు. పెద్ద కష్టం కూడా అనిపించదు. మూడు నాలుగు రోజులు పోతే దాని ఊసే ఉండదు.

మొన్న జ్యోతి చూసి 17న ఇంటికొచ్చాం. అమ్మ చేత మాల తీయించుకున్నా. నల్లబట్టలు బకెట్లో వేసి, ప్యాంటు తొడుక్కుని, చెప్పుల్లో కాళ్లు పెట్టా. అన్నాళ్లు ఉత్తకాళ్లతో తిరిగా కదా, చెప్పులు ఎవరివో వేసుకున్నట్టు జారిపోతున్నాయి. ఆ చెప్పులతోనే నేరుగా సందు చివర కొట్టుకి. కొట్టాయన అడక్కుండానే ఒకటి తీసిచ్చాడు. రెండో దమ్ముకే తల తిరిగింది, నోరంతా చేదు. గోడ పట్టుకుని నిలబడ్డా. బాలేదు. అయినా ఆఖరి దాకా కాల్చా. 19కల్లా మళ్లీ తొమ్మిది.

కారణాలు తెలియక కాదు. తొమ్మిదింటికి రోజుకి 162 రూపాయలు, ఏడాదికి 59 వేలు పైమాటే. మామయ్య బైపాస్‌కి ఆస్పత్రిలో పడుకుంది నేనే. మా ఆవిడ చెప్పి చెప్పి చెప్పడం మానేసింది. ఇన్ని కారణాలకీ కదలనివాణ్ణి, మాల మెడలో పడితే ఎలా మానుతున్నా? ఆ మోటివేషన్ మిగతా 324 రోజులూ ఎక్కడికి పోతోంది?


రెండో_దమ్ము | 26 జనవరి, రాత్రి 11:15

మీకు ఏడాదికి 41 రోజులైనా ఉన్నాయి బ్రదర్. నేను నాస్తికుణ్ణి, నాకు ఆ సౌకర్యం కూడా లేదు. యూట్యూబ్‌లో మోటివేషన్ వీడియోలు చూడండి, ఒక్కోటి ఇరవై నిమిషాలుంటుంది. చూస్తూ రెండు కాల్చొచ్చు.


గురుస్వామి_రాజమండ్రి | 27 జనవరి, ఉదయం 5:50

స్వామి శరణం. ముందు ఒక మాట. దీక్షని అలవాట్లు మాన్పించే కేంద్రంలా చూడటం నాకు నచ్చదు. డిసెంబరొస్తే "గురుస్వామీ, మాల వేయండి, మందు మానాలి" అని వస్తారు. వేస్తాను, కాదనలేక.

అయితే పద్దెనిమిది ఏళ్లుగా మాలలు వేస్తున్నవాడిగా ఒకటి గమనించాను. పీఠం ముందు కూర్చున్నవాడు ఎవడూ "ప్రయత్నిస్తాను" అనడు. మాల పడ్డాక పేరు పోతుంది, అందరూ స్వామీ అనే పిలుస్తారు. భార్య కూడా. ఆఫీసులో బాస్ కూడా. స్వామికి సిగరెట్ ఆఫర్ చేసే స్నేహితుడు ఉండడు, అమ్మే కొట్టువాడూ దాదాపు ఉండడు. మీరు మానుతున్నారని అనుకుంటున్నారు. ఊరంతా కలిసి మాన్పిస్తోంది.


ఇందూరు_అక్క | 27 జనవరి, మధ్యాహ్నం 2:20

గురుస్వామి గారు చెప్పింది నిజమే అనిపిస్తుంది. మా ఇంటి ముచ్చట చెప్త.

మాది నిజామాబాద్ జిల్లా. మా అమ్మ బీడీలు చేసేది. పొద్దుగాల చాట ఒళ్లె పెట్టుకుంటె పొద్దుగూకెదాంక లేవకపోయేది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు, మూతి మలుపుడు. వెయ్యి అయితెనే ఆ దినం కూలి. వేళ్ల సందులు ఎప్పుడు పచ్చగనే ఉండేవి. అమ్మ ఒక్క బీడీ తాగలె జన్మల, గని దగ్గు ఆమెకే.

బాపు బయట ఎన్నడు బీడీ కొనలె. వచ్చినప్పుడల్లా చాటలకెల్లి రెండు తీస్కునేటోడు. కార్ఖానల లెక్క తక్కువైతదని అమ్మ లొల్లి పెట్టేది. ఆమె నడుము పోయి బీడీలు బంద్ చేసినంక చాట అటకెక్కింది. బాపుకు బీడీ కావాలంటె బస్టాండ్ కాడికి పోవాలె, కిలోమీటరు. మొదలు సగమైనయి. ఎండకాలం రాంగనె రెండు మూడు. ఇంకో ఏడాదికి బందే. ఎవ్వరు చెప్పలె, ఒట్టు పెట్టలె. "ఎట్ల మానినవ్ బాపూ" అంటె, "ఎవడు నడుస్తడే అంత దూరం" అన్నడు.

తమ్మీ, నీ కొట్టు సందు చివర్ననే ఉన్నది. అదే నీ రోగం.


సిక్కోలు_చిన్నోడు | 27 జనవరి, సాయంత్రం 6:05

భయం పెట్టుకుంటే మానేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. మా మామ్మ అడ్డపొగ కాల్చీది. తెలియనోళ్ల కోసం చెప్తన్నాను, చుట్ట నిప్పున్న కొస నోట్లోకి పెట్టి కాల్చడం. మా తీరంలో ఆడోళ్లకి ఎక్కువ ఉండీది. గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీ. చేపలు ఎండేస్తూ, పిల్లల్ని తిడుతూ, మూసిన పెదాల మధ్యనుంచి పొగొదిలీది. చిన్నప్పుడు అదో గారడీలా చూసీవోళ్లం.

అంగిలి అంతా తెల్లగా మందమైపోయి మధ్య మధ్య ఎర్ర చుక్కలు. తర్వాత పుండు. కేన్సరన్నారు. ఆఖర్న అన్నం మింగలేక గంజి తాగీది, అదీ ముక్కులోంచి వచ్చీసీది. ఇదంతా మా నాన్న చూశాడు, నేనూ చూశాను. మామ్మ పెద్దకర్మ రోజు పెరట్లో నిలబడి ఇద్దరం చెరోటి వెలిగించాం. మరేటంటారు దీన్ని?


రెండో_దమ్ము | 27 జనవరి, సాయంత్రం 6:30

దీనికి జోకు వేయలేను చిన్నోడూ.


ఊపిరి_వైద్యుడు | 28 జనవరి, రాత్రి 9:10

నేను ఛాతీ వైద్యుణ్ణి, గుంటూరు. బుజ్జి గారి ప్రశ్నకి దగ్గరగా వచ్చే ఒక పరిశోధన ఉంది. ఇజ్రాయెల్‌లో పొగతాగే విమాన సిబ్బంది మీద చేశారు, 2010లో అచ్చయింది. విమానంలో కాల్చే వీల్లేదు కదా. కొన్ని ప్రయాణాలు మూడు నుంచి ఐదున్నర గంటలు, కొన్ని ఎనిమిది నుంచి పదమూడు గంటలు. దారిపొడుగునా "ఇప్పుడు ఎంత కాల్చాలనిపిస్తోంది" అని రాయించారు. నికోటిన్ లేక వచ్చే యావే అయితే గంటలు పెరిగేకొద్దీ పెరుగుతూ పోవాలి. అలా జరగలేదు. చిన్న ప్రయాణమైనా పెద్ద ప్రయాణమైనా దిగే సమయం దగ్గరపడేటప్పుడే ఎగసింది. చిన్న ప్రయాణంలో దిగబోతున్నవారి యావ, అన్నే గంటలు గడిచి పెద్ద ప్రయాణం మధ్యలో ఉన్నవారి యావకన్నా ఎక్కువ.

బుజ్జి గారికి మాల అంటే పెద్ద విమానం. తలుపు తెరవరని తెలుసు కాబట్టి మనసు అడగదు. కానీ ఏ తేదీకి దిగుతామో మొదటి రోజు నుంచీ తెలుసు. 17వ తేదీ నాటికి మీ ఒంట్లో నికోటిన్ చుక్క లేదు. అది రక్తంలో రెండు గంటలకోసారి సగమైపోతుంది. చిరాకు, నిద్రలేమి, ఆకలి లాంటివి రెండు మూడు రోజులకి పతాకస్థాయికి వెళ్లి, మూడు నాలుగు వారాల్లో చాలామందికి సర్దుకుంటాయి. అంటే కష్టమైన భాగం అంతా ఆరుసార్లు దాటేసి, ఏ కష్టం లేని రోజున వెళ్లి వెలిగించారు.

ఇంకో సంగతి. 1800-11-2356 అని ఒక ఉచిత నంబరుంది, జాతీయ పొగాకు క్విట్‌లైన్, అంటే మానడానికి ఫోన్లో సాయం చేసేది. 2016లో ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ సంస్థలో మొదలైంది. తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ కూడా కలిసింది, తెలుగులో మాట్లాడతారు. ఉదయం 8 నుంచి రాత్రి 8, సోమవారం సెలవు. 2018 నుంచి ప్రతి ప్యాకెట్ మీదా అచ్చేస్తున్నారు. లూజు కొనేవాళ్లకి ప్యాకెట్ కనపడదు, నంబరూ కనపడదు. నా దగ్గరికొచ్చే పదిమందిలో ఎనిమిదిమంది లూజు బాపతే.


పొగాకు_పల్లె | 29 జనవరి, ఉదయం 7:25

మాది కనిగిరి పక్క పల్లె. మా ఇంట్లో అన్నం పెట్టిందే పొగాకు, అందుకే ఇన్నాళ్లు ఈ విషయం మీద నోరు తెరవలా. ఆకు కోసి, కర్రలకు అల్లి, మంటేసి ఆరబెట్టే గది బ్యారన్‌కెక్కించి, రాత్రంతా మా నాయన మంట కాడ కాపలా. వేడి పట్టు తప్పితే రంగు పోద్ది, రంగు పోతే వేలంలో రేటు పోద్ది. మంచుకి తడిసిన ఆకు కోసిన రోజు కూలోళ్లకి కడుపులో తిప్పి వాంతులయ్యేయి. చేతుల జిగురు సబ్బుకి పోయేది కాదు. మా నాయన మాత్రం సిగరెట్ ముట్టలా ఏనాడూ. "పండించేవాడికి తెలుసురా అదేందో" అనేవోడు. నేనేమో ఒంగోలు హాస్టల్లో నేర్చుకున్నా.

2019లో మానా. డాక్టర్ గారు ఉన్నారు కాబట్టి తప్పుంటే దిద్దండి. నికోటిన్ గమ్ వాడా. మొదటి రెండు రోజులు బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలి ఎక్కిళ్లు, కడుపులో మంట తెచ్చుకున్నా. అట్ట కాదంట. నాలుగు నములు నమిలి, నోరు చురుక్కుమనగానే దవడకి చెంపకి మధ్య పెట్టి ఊరుకోవాల. చురుకు తగ్గితే మళ్లీ నాలుగు. అరగంట వస్తది ఒకటి. టీ తాగిన వెంటనే వేసుకుంటే పనిచేయదు, పావుగంట ఆగాల.

ఇంకోటి. మానబోయే ముందు వారం ఒక చీటీ పెట్టుకుని ప్రతి సిగరెట్‌కీ టైము రాసుకున్నా. పదకొండు. అందులో కావాలనిపించి తాగింది మూడు: లేవగానే, అన్నం తిన్నాక, రాత్రి పడుకోబోయే ముందు. మిగతా ఎనిమిదీ పక్కనోడు వెలిగించాడనో, ఫోన్ వచ్చిందనో, బస్సు రాలేదనో. ఎనిమిదింటికి మోటివేషన్ అక్కర్లేదు, పక్కకి జరిగితే చాలు. గమ్ మూడింటికే వాడా.


ఊపిరి_వైద్యుడు | 29 జనవరి, మధ్యాహ్నం 1:40

దిద్దడానికేమీ లేదు, నా దగ్గరికొచ్చేవాళ్లకి ఇంతకన్నా బాగా చెప్పలేను. లేచిన అరగంటలోపే మొదటిది కాల్చేవారికి 2 ఎంజీ గమ్ చాలకపోవచ్చు, 4 ఎంజీకి డాక్టర్ చీటీ కావాలి. వేరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు కూడా ఉన్నాయి, అవి సొంతంగా కొని మింగేవి కావు.


బెజవాడ_బుజ్జి | 2 ఫిబ్రవరి, ఆదివారం, రాత్రి 11:55

అందరివీ రెండేసి సార్లు చదివా. రేపు మొదలు. తేదీ ఒకటే చెప్తున్నా, మొదలయ్యేది. అయిపోయేది చెప్పను, పెట్టుకోలేదు. బండి డిక్కీలో లైటర్, ఆఫీసు డ్రాయర్లో లైటర్, అటక మీద దీపావళిది ఇంకోటి, మూడూ వాచ్‌మన్‌కి ఇచ్చేశా. టీ గ్యాంగ్‌కి మెసేజ్ పెట్టా. ముగ్గురు బొటనవేలు చూపించారు, ఒకడు నవ్వాడు.


రెండో_దమ్ము | 3 ఫిబ్రవరి, ఉదయం 8:10

ఆ నవ్వినవాడు నేనైతే కాదు. కానీ ఇక్కడ ఒక తిరకాసుంది. "జన్మలో కాల్చను" అనుకుంటే నాకు ఇప్పుడే ఒకటి కావాలనిపిస్తుంది. "ఇవాళ్టికి కాల్చను" అనుకోమంటారు కదా అందరూ?


బెజవాడ_బుజ్జి | 5 ఫిబ్రవరి, రాత్రి 9:30

మూడో రోజు. మాలలో ఇలా ఉండేది కాదు. అప్పుడు తెల్లారగట్ల చన్నీళ్లు, పూజ, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం భజన, రోజంతా ఏదో ఒకటి. ఇప్పుడు ఆఫీసులో నాలుగింటికి అందరూ లేచి వెళ్తుంటే నేనొక్కణ్ణి కీబోర్డు తుడుస్తూ కూర్చున్నా. నా కీబోర్డు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

రెండో దమ్ము గారూ, "ఇవాళ్టికి" అనేది నాకు పనిచేయదు. ఇవాళ్టికి అంటే రేపు తలుపు తీస్తారనే. 41 రోజులకి పడ్డవాణ్ణి, ఒక్క రోజుకి పడనా?

ఒకటి కనిపెట్టా. రాత్రి భోంచేశాక చెప్పులేసుకుంటే కాళ్లు వాటంతటవే సందు చివరికి పోతున్నాయి. అందుకని వేసుకోవట్లా. ఉత్తకాళ్లతో మేడ మీద తిరుగుతున్నా. మా ఆవిడ "మళ్లీ మాలా?" అంది.


బెజవాడ_బుజ్జి | 11 ఫిబ్రవరి, ఉదయం 6:15

డాక్టర్ గారూ, తొమ్మిదో రోజు. యావ తగ్గింది. కానీ గుండె దడ, చేతులు వణుకు, నిద్ర లేదు. పైగా నాలుగు రోజులుగా కడుపు కదల్లేదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నోట్లో పూత. నిన్న పాప చేతిలోంచి పాల గ్లాసు జారితే ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటివాళ్లు తలుపు తీశారు.


ఊపిరి_వైద్యుడు | 11 ఫిబ్రవరి, ఉదయం 7:50

కాఫీ ఎన్ని?


బెజవాడ_బుజ్జి | 11 ఫిబ్రవరి, ఉదయం 7:52

సిగరెట్ బదులు అదే కదండీ. ఆరో ఏడో.


ఊపిరి_వైద్యుడు | 11 ఫిబ్రవరి, ఉదయం 8:05

దొరికింది. సిగరెట్ పొగలోని తారు మీ కాలేయాన్ని తోలుతూ ఉంటుంది, కెఫీన్‌ని అది త్వరగా అరగదీస్తుంది. పొగ ఆగితే ఆ తోలేవాడు లేడు. అవే కప్పులు తాగినా రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. మీరేమో కప్పులు కూడా పెంచారు. రెండుకి తగ్గించండి, అదీ మధ్యాహ్నం దాటాక వద్దు. చాలామంది ఈ దడని సిగరెట్ లేకపోవడం వల్ల అనుకుని మళ్లీ వెలిగిస్తారు. వారంలో దడ తగ్గకపోతే మాత్రం ఒకసారి చూపించుకోండి.

కడుపు కదలకపోవడం, నోటిపూత మానినవారికి మామూలే. నికోటిన్ పేగుని కూడా కదిలించేది. నీళ్లు, జామకాయ, ఆకుకూర. పాపకి మాత్రం సారీ చెప్పండి, దానికి మందు లేదు.


ఇందూరు_అక్క | 11 ఫిబ్రవరి, ఉదయం 10:30

రాత్రి పూట రెండు అంజీర్లు నానబెట్టుకొని తిను తమ్మీ.


బెజవాడ_బుజ్జి | 1 మార్చి, ఉదయం 9:20

నిన్న ఇరవై ఆరో రోజు. స్నేహితుడి గృహప్రవేశం. భోజనాలయ్యాక మేడ మీద నలుగురం. చేతికిచ్చారు, తీసుకున్నా. ఆలోచించానని కూడా చెప్పలేను. రెండు దమ్ములు లాగాక తెలిసింది నోట్లో ఏముందో. పారేశా. ఇప్పుడు నా లెక్క ఒకటా, ఇరవై ఏడా?


రెండో_దమ్ము | 1 మార్చి, ఉదయం 9:45

ఒకటి. రూలంటే రూలు.


పొగాకు_పల్లె | 1 మార్చి, ఉదయం 11:00

ఇరవై ఏడే. ఒక ఆకు మాడితే బ్యారన్ మొత్తం పారబోస్తామా? నేను మానిన మొదటి ఏడు రెండుసార్లు జారా.


ఊపిరి_వైద్యుడు | 1 మార్చి, మధ్యాహ్నం 2:15

లెక్క మీ ఇష్టం. "ఎలాగూ పోయింది కదా" అని సాయంత్రం ఇంకోటి వెలిగించకుండా ఉంటే చాలు.


లాడ్‌బజార్_భాయ్ | 3 మార్చి, రాత్రి 8:40

ఇన్నాళ్లు చదువుతూ ఊరుకున్నాను. నిన్నటి నుంచి రోజా మొదలైంది కాబట్టి చెప్తున్నాను. డాక్టర్ సాబ్ చెప్పిన విమానం కథ మాకు ప్రతి రంజాన్‌లో కనపడుతుంది. సహెరీ నుంచి ఇఫ్తార్ దాకా పదమూడు గంటలు. పన్నెండింటికి, రెండింటికి ఏమీ అనిపించదు. సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక మొదలవుతుంది. ఆఖరి అరగంట మా సందులో ఎవరితోనూ మాట్లాడకూడదు, గొడవలైపోతాయి. అజాన్ వినపడగానే ఖర్జూరం నోట్లో, లైటర్ చేతిలో. నేను కూడా అంతే.

బుజ్జి భాయ్ "తేదీ పెట్టుకోలేదు" అన్న మాట నన్ను పట్టుకుంది. ఈసారి ఇఫ్తార్‌కి వెలిగించకుండా రాత్రి తరావీహ్ నమాజ్ దాకా లాగుతున్నాను. రెండు రోజులైంది. దువా చేయండి.


గురుస్వామి_రాజమండ్రి | 4 మార్చి, ఉదయం 5:45

తప్పకుండా భాయ్.


బెజవాడ_బుజ్జి | 17 మార్చి, సోమవారం, ఉదయం 7:40

నలభై మూడో రోజు. మొన్న 15న నలభై ఒకటి. ఆ రోజు ఆఫీసు సెలవు, ఇంట్లోంచి కదల్లేదు. నిజం చెప్తున్నా, భయమేసి కదల్లేదు.

ఇవాళ పొద్దున పాలు విరిగిపోయాయి. మా ఆవిడ పంపింది. చెప్పులేసుకుని వెళ్లా, అదే కొట్టు. నెలన్నర అయింది ఆ వైపు వెళ్లి. నన్ను చూడగానే ఆయన చెయ్యి అలవాటుగా డబ్బాలోకి పోయింది, ఒకటి తీసి గాజుపలక మీద పెట్టాడు. తాడుకి వేలాడే లైటర్ కూడా ఇటు తిప్పాడు.

"అర లీటరు పాలు" అన్నా.

ఆయన నా మెడ చూశాడు. తర్వాత కిందకి వంగి కాళ్లు చూశాడు. "చెప్పులున్నాయే. ఇది సీజన్ కూడా కాదుగా స్వామీ?" అన్నాడు.

పాలు తీసుకుని వచ్చేశా. ఆ సిగరెట్ మళ్లీ డబ్బాలో పెట్టాడో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.


ఇందూరు_అక్క | 17 మార్చి, ఉదయం 8:05

పాలు ఈసారి విరగలేదు గదా?


రెండో_దమ్ము | 17 మార్చి, ఉదయం 11:30

డాక్టర్ గారూ, ఆ 1800 నంబరు సోమవారం సెలవన్నారు కదా. ఇవాళ సోమవారం అని ఇప్పుడే గుర్తొచ్చింది. రేపు ఎనిమిదింటికంటే సరిగ్గా ఎనిమిదింటికే ఎత్తుతారా?